ఏడో తరగతి ముందు నిలబడ్డ ఇంజనీరు

చదువు, ఉద్యోగం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంజనీరింగ్ విద్యార్థులు బడులకు వెళ్లి పిల్లలకు సైన్సు, ఇంజనీరింగ్ పరిచయం చేసే కార్యక్రమాల గురించి అడిగారు. మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకు వాయిదా వేసి, చోటంతా వీటికే ఇస్తున్నాను. పదకొండేళ్లు సబ్‌స్టేషన్ల రక్షణ వ్యవస్థల మీద పనిచేసి, తర్వాత పాఠాలు చెప్పడానికి వచ్చినదాన్ని. అందుకే నా ఉదాహరణలన్నీ కరెంటు చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: మేడమ్, నేను ఎలక్ట్రికల్ మూడో సంవత్సరం. ఈ సెమిస్టర్‌లో మమ్మల్ని నలుగురేసి జట్లుగా బడులకు పంపుతున్నారు. ఏడో తరగతి పిల్లలకు గంటసేపు ఏదైనా చేసి చూపించాలట. నాకు పదిమంది ముందు నోరు పెగలదు. పైగా ఆరు నెలల్లో ప్లేస్‌మెంట్లు, ఆ టెన్షన్ వేరే. ఆ టైమ్‌లో కోడింగ్ ప్రాక్టీస్ చేసుకుంటే మేలు కదా అనిపిస్తోంది. పిల్లలకు బల్బు వెలిగించి చూపిస్తే ఉద్యోగానికి పనికొచ్చేది నాకేం వస్తుంది? నిజం చెప్పండి.

జవాబు: నిజమే చెబుతాను తమ్ముడూ. ఒక్కసారి వెళ్లి, బల్బు వెలిగించి, ఫోటో దిగి వచ్చేస్తే ఏమీ రాదు. రెండోసారి వెళ్తే వస్తుంది. ఎందుకో నా అనుభవమే చెబుతాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మా ఆఫీసు తరఫున ఒక బడికి వెళ్లాను. 38 స్లైడ్లు తయారు చేసుకున్నాను. కరెంటు ఎక్కడ పుడుతుంది, ఎలా ప్రయాణిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఏం చేస్తుంది, అన్నీ వరుసగా ఉన్నాయి. పదో నిమిషానికే వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. చివర్లో ‘ప్రశ్నలేమైనా ఉన్నాయా’ అంటే ముందు వరుసలో ఒక పాప లేచింది. “అక్కా, బల్బులోకి వెళ్లిన కరెంటు ఏమవుతుంది? బల్బు తినేస్తుందా?” అంది. నేను ఎలక్ట్రాన్లు, పొటెన్షియల్ డిఫరెన్స్ అంటూ మొదలుపెట్టాను. ఆ పాప మర్యాదగా తల ఊపి కూర్చుంది. అర్థమైనవాళ్లు అలా ఊపరు. ఆ తల ఊపు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాప అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. లైనులో లోపం వచ్చినప్పుడు పారే ఫాల్ట్ కరెంటు ఎన్ని కిలో ఆంపియర్లు వస్తుందో నేను లెక్క కట్టగలను. బల్బు కరెంటును తినేస్తుందా, లేదా అన్నది మాత్రం పన్నెండేళ్ల పిల్లకు చెప్పలేకపోయాను. అంటే సూత్రం వచ్చుగానీ, దాని బొమ్మ నా మనసులో లేదన్నమాట.

నెల తర్వాత అదే తరగతికి వెళ్లాను. ఈసారి స్లైడ్లు లేవు. మెత్తటి నూలు తాడు పది మీటర్లు తీసుకుని, రెండు కొసలూ ముడేసి పెద్ద వలయం చేశాను. పదిహేను మందిని గుండ్రంగా నిలబెట్టి, తాడు జారేలా పిడికిలి వదులుగా పట్టుకోమన్నాను. ఒక అబ్బాయి తాడును నెమ్మదిగా లాగుతూ పక్కకు పంపుతుంటాడు. ఆ అబ్బాయే బ్యాటరీ సెల్. ఎదురుగా ఉన్న అమ్మాయి పిడికిలి కాస్త బిగిస్తుంది. ఆమే బల్బు. అర నిమిషంలో ఆ అమ్మాయి అరిచింది: “అక్కా, చెయ్యి వేడెక్కుతోంది!” మొదటిసారి ప్రశ్న అడిగిన పాప తాడు వంకే చూస్తూ నిలబడింది. కాసేపటికి నెమ్మదిగా, “తాడు తగ్గట్లేదు. తిరిగి వచ్చేస్తోంది. వేడి మాత్రం అక్కడ దిగుతోంది” అంది.

నేను 38 స్లైడ్లలో చెప్పలేనిది అదే. బల్బు కరెంటును తినదు. వెళ్లినంత కరెంటూ తిరిగి వస్తుంది, బల్బు దగ్గర దిగేది శక్తి.

ఆ తర్వాత వాళ్లే నన్ను నడిపించారు. “ఇద్దరు గట్టిగా పట్టుకుంటే?” తాడు అందరి చేతుల్లోనూ నెమ్మదించింది. బల్బులు ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి ఉండే సిరీస్ సర్క్యూట్ అదే. “లైటు అంత దూరంలో ఉంటే స్విచ్ వేయగానే ఎలా వెలుగుతుంది?” తాడు ఇక్కడ కదిలిన క్షణంలోనే అక్కడా కదులుతోంది కదా, చూడండన్నాను. ఇళ్లలోని రాగి తీగల్లో ఎలక్ట్రాన్లు సగటున సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా జరగవు. అయినా బల్బు వెంటనే వెలుగుతుంది, ఎందుకంటే తీగ పొడవునా ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి కదలడం మొదలుపెడతాయి. ఈ సంగతి నేను పరీక్షల్లో రాశానుగానీ, తాడు చేతిలో ఉన్నప్పుడే మొదటిసారి ఒంటబట్టింది. తాడు పోలిక ఎక్కడ చెల్లదో కూడా వాళ్లకు చెప్పాను. తాడు తెగినా కొసను లాగొచ్చు, తీగ తెగితే మాత్రం ప్రవాహం ఆగిపోతుంది. పోలిక చెప్పినప్పుడు దాని హద్దు కూడా చెప్పాలి. లేకపోతే పిల్లల తలలో కొత్త తప్పు నాటినట్టే.

ఇది ఉద్యోగంలో ఎక్కడ పనికొచ్చిందంటారా? రెండేళ్ల తర్వాత ఒక ఫ్యాక్టరీలో ఒకే ఫీడర్, అంటే కరెంటు తెచ్చే లైను, నెలలో నాలుగుసార్లు ట్రిప్ అయింది, దానంతటదే ఆగిపోయింది. ఉత్పత్తి ఆగిపోతోందని యాజమాన్యం గొడవ. లోపాన్ని పసిగట్టి లైను ఆపించే పరికరం రిలే. దాని సెటింగ్ పెంచేస్తే ట్రిప్ కాదు కదా, పెంచండి అన్నారు. తప్పు రిలేది కాదు, భూమిలో కేబుల్ ఇన్సులేషన్ దెబ్బతింది. సెటింగ్ పెంచితే ఫాల్ట్ కరెంటు ఇంకా ఎక్కువసేపు పారుతుంది. కేబుల్ కాలుతుంది, మనిషి ప్రాణం కూడా పోవచ్చు. మావాళ్లు అప్పటికే 18 పేజీల రిపోర్టు ఇచ్చారు. మీటింగులో డబ్బు మంజూరు చేయాల్సిన పెద్దాయన తల ఊపడం చూశాను. ఆ పాప ఊపినట్టే ఊపారు.

అక్కడ ఆగిపోయాను. తెల్ల కాగితం తీసుకుని ఒక గీత గీశాను. “ఈ రిలే మీ కాపలా మనిషి. పొగ కనిపించినప్పుడల్లా అరుస్తున్నాడు. మీరు అతన్ని నోరు మూసుకోమంటున్నారు. పొగ ఎక్కడినుంచి వస్తుందో నేను చూపిస్తాను” అన్నాను. పావుగంటలో కేబుల్ మార్చడానికి ఒప్పుకున్నారు. ఎదుటివాళ్లకు ఎక్కడ అర్థం కావడం ఆగిపోయిందో వాళ్ల ముఖంలో చదవడం నాకు ఆ బడిలోనే వచ్చింది. పెద్దవాళ్లు అర్థం కాకపోయినా మొహమాటానికి తల ఊపుతారు. పిల్లలు అంతసేపు ఓపిక పట్టరు, పక్కవాడితో మాటల్లో పడిపోతారు. అంతకంటే నిజాయితీగా మన తప్పు చూపించేవాళ్లు దొరకరు.

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక ప్రయోగం చేశారు. కొందరిని బాగా తెలిసిన పాటల లయను బల్ల మీద వేళ్లతో తట్టమన్నారు, ఎదుటివాళ్లను ఏ పాటో చెప్పమన్నారు. తట్టినవాళ్లు సగం పాటలైనా గుర్తుపడతారని అనుకున్నారు. 120 పాటల్లో గుర్తుపట్టింది మూడే. తట్టేవాళ్ల తలలో పాట మోగుతూనే ఉంటుంది, వినేవాళ్లకు టక్ టక్ అన్న చప్పుడే అందుతుంది. మూడేళ్లు ఇంజనీరింగ్ చదివిన మీ తలలో ఇప్పుడు అలాంటి పాట మోగుతోంది. దాన్ని ఎదుటివాళ్లకు వినిపించడం ఇంటర్వ్యూకు వారం ముందు కూర్చుంటే రాదు.

ఇక నోరు పెగలకపోవడం గురించి. మైకేల్ ఫారడే మీ సబ్జెక్టుకు మూలపురుషుల్లో ఒకరు. పుస్తకాల బైండింగ్ పని నేర్చుకున్న కుర్రాడు. ఉపన్యాసం ఇవ్వడం ఆయనకు పుట్టుకతో రాలేదు. మాట్లాడే పద్ధతి నేర్పే గురువు దగ్గర డబ్బు కట్టి పాఠాలు చెప్పించుకున్నారు. వేగం పెరిగితే కళ్ల ముందు పెట్టమని ‘నెమ్మదిగా’ అని రాసిన అట్ట ఒకటి, గంట అయిపోవస్తే చూపించమని ‘సమయం’ అని రాసింది ఒకటి సహాయకుడి దగ్గర ఉంచేవారు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో పిల్లల కోసం మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాలను ఆయన 19 సార్లు ఇచ్చారు. ఒక కొవ్వొత్తిని వెలిగించి రసాయన శాస్త్రమంతా అందులోంచే చెప్పారు. అంతటి మనిషి అట్టలు పెట్టుకోగా లేనిది, మీరు పెట్టుకుంటే తప్పేముంది?

మొదటిసారి మీరు తరగతి ముందు నిలబడకండి. మీ జట్టులో మాట వచ్చినవాళ్లు మాట్లాడతారు. మీరు ఐదుగురు పిల్లల గుంపు పక్కన కింద కూర్చోండి. సెల్, బల్బు, తీగలు వాళ్ల చేతికివ్వండి. తీగ తప్పుగా కలిపితే సరిచేయడానికి చెయ్యి చాపకండి. నాకూ ఇది చాలా కష్టమైంది, వేళ్లు లాగేస్తాయి. ‘ఎందుకు వెలగలేదనుకుంటున్నావు?’ అని అడిగి, మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో చూపించారు: టీచర్లు ప్రశ్న అడిగాక మామూలుగా ఒక్క సెకను కూడా ఆగరు, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయి. రెండోసారి వెళ్లినప్పుడు ఐదు నిమిషాలు మీరు మాట్లాడండి. మూడోసారి పది.

ఇంటికి రాగానే, బూట్లు విప్పకముందే అరపేజీ రాయండి. పిల్లలు ఎక్కడ జారిపోయారు, ఏ మాట వాళ్లకు అందలేదు, తర్వాతసారి ఏం మారుస్తాను, ఇంతే. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో ‘నాకు కమ్యూనికేషన్ స్కిల్స్ ఉన్నాయి’ అని ప్రతివాళ్లూ అంటారు. మీరు ఆ అరపేజీ లోంచి చెప్పండి. మొదటిసారి ఏం చేశాను, ఎందుకు పోయింది, ఏం మార్చాను, ఏం తేడా వచ్చింది. నేను ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నాను. అలాంటి జవాబు వస్తే నిటారుగా కూర్చునేదాన్ని. కోడింగ్ మానమనడం లేదు. వారంలో మూడు గంటలు ఇటివ్వండి.

ప్రశ్న: మా కాలేజీలో ఈ కార్యక్రమానికి నేను కోఆర్డినేటర్‌ని. ఫోటోలు, హాజరు పట్టిక, రిపోర్టు చూసి మార్కులు వేస్తున్నాం. రిపోర్టులన్నీ ఒకదానికొకటి కాపీలే. విద్యార్థులు ఏం నేర్చుకున్నారో ఎలా కొలవాలి? — ఒక లెక్చరర్

జవాబు: ఫోటోలు అడగడం మానేయండి సార్. ఫోటో చూస్తే వెళ్లారని తెలుస్తుంది, అంతే. పైగా ఫోటో కోసం పిల్లల్ని నిలబెట్టే పది నిమిషాలు పిల్లలవే.

రిపోర్టు బదులు రెండు ప్లాన్లు అడగండి. మొదటి సందర్శనకు ముందు రాసిన ప్లాన్ ఒకటి, రెండో సందర్శనకు ముందు రాసింది ఒకటి. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదానికి మార్కులు వేయండి. ఇది కాపీ కొట్టడం కష్టం, ఎందుకంటే ఒక తరగతిలో జరిగింది ఇంకో తరగతిలో జరగదు. ‘మా ప్రయోగం విఫలమైంది, ఇందువల్ల’ అని నిజాయితీగా రాసినవాళ్లకు, అంతా అద్భుతంగా జరిగిందని రాసినవాళ్లకన్నా ఎక్కువ వేయండి. ఆ మాట ముందే అందరికీ చెప్పండి. భయంతో ఎవరూ తప్పు ఒప్పుకోరు.

ఇది అదనపు పని అని మీ పైవాళ్లు అంటే ఒక్క విషయం గుర్తు చేయండి. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందం 1989లో మొదలైంది. పట్టభద్రుడికి ఉండాల్సిన లక్షణాలని దాని కింద చెప్పిన జాబితాలో జట్టుగా పనిచేయడం, చెప్పగలగడం, నైతిక బాధ్యత, ప్రాజెక్టు నిర్వహణ కూడా ఉన్నాయి. అమెరికాలో కోర్సులకు గుర్తింపునిచ్చే అబెట్ సంస్థ ఇంకొంచెం స్పష్టంగా, రకరకాల శ్రోతలకు చెప్పగలగాలి అంటుంది. తోటి విద్యార్థుల ముందు సెమినార్ ఇప్పిస్తే ఆ ‘రకరకాల’ అన్న మాట తీరదు. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో 1995లో మొదలైన ఎపిక్స్ కార్యక్రమంలో విద్యార్థులు సమాజ సంస్థల కోసం జట్లుగా పనిచేస్తారు, దానికి క్రెడిట్లు ఉంటాయి, ఒకే ప్రాజెక్టులో వరుసగా కొన్ని సెమిస్టర్లు కొనసాగవచ్చు కూడా. నాకు అందులో నచ్చింది ఆ కొనసాగింపే.

ప్రాజెక్టు నిర్వహణ అంటే పెద్ద మాటలా ఉంటుందిగానీ, బడి సందర్శనలో అది కళ్లకు కనిపిస్తుంది. 40 మంది పిల్లలు, ఐదుగురికి ఒక సెట్టు, అంటే ఎనిమిది. తొమ్మిదోది తీసుకెళ్లారా? సెల్స్ అన్నీ ముందురోజు పరీక్షించారా? తరగతి 45 నిమిషాలే అయితే సామాను పంచడానికి, తిరిగి సర్దడానికి ఎంత పోతుంది? నా అనుభవంలో పన్నెండు నిమిషాలు. ఈ లెక్క వేయని జట్టు చివర్లో పరుగులు పెడుతుంది. పాత్రలు కూడా మార్చండి. మాట్లాడే అబ్బాయి ప్రతిసారీ మాట్లాడి, సామాను మోసే అమ్మాయి ప్రతిసారీ మోస్తే ఇద్దరూ నేర్చుకోనట్టే. బయల్దేరే ముందు ఒక రిహార్సల్ పెట్టండి, ఇంజనీరింగ్ తెలియనివాళ్ల ఎదుట. మీ ఆఫీసు సిబ్బంది సంతోషంగా వస్తారు.

ప్రశ్న: ఏటా ఎవరో ఒక కాలేజీవాళ్లు మా బడికి వస్తారు. డ్రోన్ ఎగరేస్తారు, పిల్లలు ఈలలు వేస్తారు, వెళ్లిపోతారు. ఆ రోజు పాఠాలు పోవడమే మిగులుతోంది. అబ్బాయిలు ముందుకు తోసుకుంటారు, ఆడపిల్లలు వెనకే నిలబడతారు. ఇకమీదట వద్దని చెప్పాలా? — ఒక సైన్సు టీచర్

జవాబు: వద్దనకండి టీచర్ గారూ, షరతులు పెట్టండి. మీ పిల్లలు ఎవరి అభ్యాసానికో సామగ్రి కాదు. కాలేజీ విద్యార్థికి మేలు జరగాలన్నా ముందు మీ తరగతికి మేలు జరగాలి. ఈ వరస తప్పిన చోట రెండు వైపులా ఏమీ మిగలదు.

వారం ముందు జట్టులో ఇద్దరైనా వచ్చి మీతో మాట్లాడాలి. మీరు ఏ పాఠంలో ఉన్నారో, పిల్లలకు ఏది కొరుకుడు పడటం లేదో చెప్పండి, దానిమీదే రమ్మనండి. పిల్లలు చేత్తో ముట్టుకోలేని వస్తువు ఏదీ ప్రధాన ప్రదర్శన కాకూడదు. డ్రోన్ ఆకాశంలో ఉంటే పిల్లలు ప్రేక్షకులే. దాని రెక్కను విప్పి, ఒక వైపు ఎందుకు వంపు ఉందో చేతికిచ్చి చూపిస్తే అది పాఠం. నెలలోపు ఇంకోసారి రావాలి. ఈ మాటలకు ఒప్పుకోనివాళ్లను నిరభ్యంతరంగా తిప్పి పంపేయండి.

ఆడపిల్లల సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. డేవిడ్ ఛేంబర్స్ అనే పరిశోధకుడు 1966 నుంచి 1977 వరకు 4,807 మంది పిల్లలతో శాస్త్రవేత్త బొమ్మ గీయించి, ఫలితాలను 1983లో ప్రచురించారు. స్త్రీని గీసినవి 28 బొమ్మలే. గీసినవాళ్లంతా ఆడపిల్లలే. ఆ కాలం నాటి లెక్క అది, ఇప్పుడు మీ తరగతిలో ఎలా ఉందో మీరే చూడొచ్చు. సందర్శనకు ముందు ‘ఇంజనీరు పని చేస్తున్న బొమ్మ గీయండి’ అని చెప్పండి. రెండో సందర్శన తర్వాత మళ్లీ గీయించండి. ఆ కాగితాలు కాలేజీ జట్టుకు ఇవ్వండి, వాళ్లకు అంతకన్నా మంచి మార్కుల షీటు ఉండదు. కిట్టు మొదట అమ్మాయి చేతికే వెళ్లాలని, ఏడు నిమిషాలకోసారి చేతులు మారాలని ముందే నియమం పెట్టండి. ఆగి, పిలిచి ఇవ్వాలి. ‘ఎవరైనా రండి’ అంటే ఎప్పుడూ వచ్చేవాళ్లే వస్తారు.

జాగ్రత్తల్లో మాత్రం రాజీ పడకండి. గోడ ప్లగ్గు కరెంటు తరగతిలోకి అసలు రాకూడదు, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్స్ చాలు. గుండ్రటి బటన్ సెల్స్, చిన్న శక్తిమంతమైన అయస్కాంతాలు వద్దు. మింగితే ప్రాణాల మీదకు వస్తుంది. తరగతిలో మీరు ఉండి తీరాలి. పెద్దల అనుమతి లేకుండా పిల్లల ఫోటోలు తీయనివ్వకండి.

ప్రశ్న: నాకు తెలియని ప్రశ్న పిల్లలు అడిగితే పరువు పోదా? — చివరి సంవత్సరం విద్యార్థిని

జవాబు: పోదమ్మా. ‘నాకు తెలియదు, కనుక్కుని వారంలో రాస్తాను’ అని బోర్డు మీద ఆ ప్రశ్న రాయి. వారంలో రాయి. నిజంగా రాయాలి, అదే ముఖ్యం. ఊహించి ఏదో చెబితే రేపు సైట్‌లో కూడా అదే అలవాటవుతుంది, అక్కడ దానివల్ల మనుషులకు దెబ్బలు తగులుతాయి.

తాడు ఆట ఆడిన తరగతిలోనే ఒక అబ్బాయి, మెరుపు వంకరటింకరగా ఎందుకుంటుందని అడిగాడు. పిడుగుల నుంచి లైన్లను కాపాడే పరికరాల మీద పనిచేస్తున్న నాకు అప్పటికప్పుడు జవాబు రాలేదు. చదివి, ఉత్తరం రాశాను. మెరుపు మేఘంలోంచి ఒక్క దూకులో రాదు, దాదాపు 50 మీటర్ల అంగలు వేస్తూ దిగుతుంది, ప్రతి అంగ దగ్గరా గాలి ఎటు దారిస్తే అటు తిరుగుతుంది, అని బొమ్మ గీసి పంపాను. పది రోజులకు తిరుగు ఉత్తరం వచ్చింది. అందులో థాంక్స్ లేదు. మూడు ప్రశ్నలున్నాయి: పిడుగు పడ్డ చెట్టు ఎందుకు చీలుతుంది? మెరుపును బ్యాటరీలో నింపుకోవచ్చా? విమానం మీద పిడుగు పడితే లోపలివాళ్లకు ఎందుకేమీ కాదు? నీ జట్టుతో కలిసి మొదటిదాంతో మొదలుపెట్టు.